ఊత మింగేసిన పోస్టు

“తియ్యి. ముందు దాన్ని తీసెయ్యి. మిగతా సంగతి తరవాత,” అంది అక్క, చెప్పులైనా విప్పకుండా.

గురువారం ఉదయం ఎనిమిదిన్నర. బడికి పోవలసిన మనిషి దారి మార్చుకుని మా ఇంటి మీద పడింది. అక్క పిల్లలకి తెలుగు చెబుతుంది. సొంత చెల్లెలు లోకమంతా చూసేలా తెలుగులో తప్పు రాసి కూర్చుంటే ఆమెకి తల కొట్టేసినట్టయింది.

“ఏం రాశావో పైకి చదువు.”

“మాకు చెయ్యివ్వండి,” అని చదివాను.

“ఊత ఏదే?”

“ఏ ఊత?”

“చేయూతనివ్వండి అనాలి తల్లీ. చేయి, ఊత. నువ్వు ఊత మింగేశావు, ఉత్త చెయ్యి మిగిలింది. నమ్మించి ముంచినవాణ్ణి ఏమంటాం? చెయ్యిచ్చాడంటాం. నువ్వు ఊరందరినీ పిలిచి, బాబ్బాబూ మమ్మల్ని ముంచండి అని బతిమాలావు.”

ఆ సంగతి నాకు తెలీక కాదు. చేయూత అన్న మాట గోడల మీద చూసి చూసి పాతబడిపోయిందనిపించింది. కాస్త తేలిగ్గా, ఎదుటి మనిషితో మాట్లాడినట్టుగా ఉండాలనుకున్నాను. నిన్న సాయంత్రం రాసి, నా తెలివికి నేనే మురిసిపోయి, ఫోను చార్జింగులో పెట్టి హాయిగా పడుకున్నాను. నా అంత బుద్ధిమంతురాలు వెతికినా దొరకదు.

పైగా మాది చేతులు చేసే సంస్థ. పేరు ‘చేతిసాయం’. యంత్రంలో పడో, ప్రమాదం జరిగో చెయ్యి పోగొట్టుకున్నవాళ్ళకి నాన్న తేలిక కొయ్యతో చేతులు చెక్కి ఇస్తాడు. ఇరవై రెండేళ్ళుగా అదే పని, పెరట్లో షెడ్డే మా కార్ఖానా. సంస్థ పేజీ చూసుకోవడం నా వంతు. ఏ పోస్టు పెట్టినా పదకొండు లైకులు వచ్చేవి, వాటిలో ఏడు చుట్టాలవి.

ఈ పోస్టుకి తెల్లారేసరికి పదకొండు వందల కామెంట్లు వచ్చాయి.

“నాకు ఇప్పటికి ముగ్గురిచ్చారు, వాటిలో ఒకటి మీకు పంపమంటారా?” అని ఒకడు. “మా మేనేజరు ఏటా తప్పకుండా ఇస్తాడు, ఆయన నంబరు రాసుకోండి,” అని ఇంకొకడు. “అడక్కుండా చెయ్యిచ్చినవాళ్ళని చూశాను గానీ, అడిగి మరీ ఇప్పించుకునేవాళ్ళని ఇదే చూడడం,” అని ‘నిద్రమత్తు’ అనే పేరుతో ఒకాయన. ఆ ఒక్కదాని కిందే నాలుగు వందల మంది పడీపడీ నవ్వారు.

“తీసేస్తానే. నా మొహం నేనే చూసుకోలేకుండా ఉన్నాను,” అన్నాను. వేలు బొత్తాం దాకా వెళ్ళింది కూడా.

అప్పుడు కనిపించింది. నిద్రమత్తు మాట కింద మా పేజీ పేరుతోనే జవాబుంది.

“నాయనా నిద్రమత్తూ, బాగా నవ్వించావు. నీకు రెండు చేతులూ ఉన్నాయి కదా. శనివారం పదింటికి వచ్చి ఆకురాయి పట్టుకో. చెక్కిన వేళ్ళని నున్నగా చెయ్యాలి. పని మేం నేర్పిస్తాం. మధ్యాహ్నం భోజనం ఇక్కడే. వస్తావో రావో ఒక మాట చెప్పు.”

దాని కింద నిద్రమత్తు అడిగాడు: “అమ్మా, మీరెవరు? నిజంగానే రమ్మంటున్నారా?”

“నిజంగా కాక సరదాకి పిలుస్తానా? అడ్రసు రాసుకో.”

కిందికి జరుపుతూ పోయాను. ముగ్గురు చెయ్యిచ్చినవాడికి జవాబుంది. మేనేజరు బాధితుడికి జవాబుంది. “మీరు మోసగాళ్ళు,” అన్న పెద్దమనిషిక్కూడా “అనుమానం మంచిదే బాబూ, వచ్చి కళ్ళారా చూసి అప్పుడు అను,” అని జవాబుంది.

“అమ్మా,” అని పిలిచాను, వంటింటి వైపు చూస్తూ.

అమ్మ వంటింట్లో లేదు. ముందుగదిలో కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని ఉంది. ముక్కు చివర కళ్ళద్దాలు, ఎదురుగా నా పాత ఫోను. ఆ ఫోనులో మా పేజీ ఎప్పుడూ తెరిచే ఉంటుందని నాకు గుర్తే లేదు. బల్ల మీద కాగితపు ముక్కలు వరసలుగా పేర్చి ఉన్నాయి.

అమ్మ ముప్పై ఏళ్ళు టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. ఆ రోజుల్లో వచ్చిన ప్రతి కాలుకీ ఒక చీటీ రాసేవాళ్ళట: ఎవరు పిలిచారు, ఎవరిని అడిగారు, కలిసిందా లేదా, మళ్ళీ ఎప్పుడు కలపాలి. ఇప్పుడు కామెంటుకొక చీటీ రాస్తోంది.

“ఎనభై ఆరు మందితో మాట్లాడాను. ఇంకా వెయ్యి మంది లైన్లో ఉన్నారు,” అంది తలెత్తకుండా. “దాన్ని తీసేశావంటే వాళ్ళందరి మొహాన ఫోను పెట్టేసినట్టే.”

“వాళ్ళు వెక్కిరించడానికొచ్చారమ్మా,” అంది అక్క.

“ఎందుకొస్తేనేం, ఆగి ఒక మాట మాట్లాడారు కదే. ఇన్నాళ్ళూ ఇది శుభ్రమైన తెలుగులో రాసింది. ఎవరు ఆగారు?”

“అంటే తప్పు రాయడమే మంచిదంటావా?”

“తప్పు రాయడం తప్పే. పిలిచినవాళ్ళకి పలక్కపోవడం ఇంకా పెద్ద తప్పు. తిట్టడానికి ఫోను చేసినవాడికి కూడా నేను నమస్కారమండీ అనే చెప్పాను.”

అక్క గుమ్మం దాకా వెళ్ళి చెప్పులు విప్పి వచ్చింది. నేను వేలు వెనక్కి తీసుకున్నాను.

నాకూ గత్యంతరం లేదు. శనివారం సాయంత్రం నాన్న ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. పెడితే షెడ్డులోని పనిముట్లూ, చేతుల కోసం ఎదురుచూస్తున్న పద్నాలుగు మంది పేర్లూ ఒక పెద్ద సంస్థకి వెళ్ళిపోతాయి. చేతిసాయం అక్కడితో సరి. నేను ఏడ్చి మొత్తుకుంటే నాన్న ఒక్క మాట అన్నాడు: నిలబడి పని నేర్చుకునేవాళ్ళు పదిమంది శనివారం వస్తే సంతకం పెట్టనని.

పెద్దవాడయ్యాడు, అలిసిపోయాడు, అందుకే వదిలేస్తున్నాడని అమ్మ అనుకుంటోంది. అది కాదు. నాన్న కుడిచెయ్యి వణుకుతోంది. రెండు నెలల కిందట షెడ్డులోకి చెప్పకుండా వెళ్ళి నా కళ్ళతో చూశాను. మీ అమ్మకి చెప్పకు అన్నాడు. చెప్పనన్నాను. ఆ మాట ఇచ్చినప్పట్నుంచీ అమ్మ మొహంలోకి సూటిగా చూడలేకపోతున్నాను.

గుమ్మంలో చప్పుడయింది. తోలుపట్టీలు చేసే అతని దగ్గరికి వెళ్ళిన నాన్న తిరిగొచ్చాడు. సంచి ఎడమచేత్తో పట్టుకున్నాడు, కుడిచెయ్యి జేబులో ఉంది.

“మనకి ఎవరో చెయ్యిచ్చారటగా?” అన్నాడు. “పట్టీలతను నన్ను ఓదార్చి పంపించాడు. ఎవరమ్మా ఇచ్చింది?”

ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. చివరికి నేనే చెప్పాను. నాన్న కుర్చీలో కూర్చుని అంతా విన్నాడు. నవ్వుతాడేమో అనుకున్నాను, తిడతాడేమో అనుకున్నాను. రెండూ చెయ్యలేదు.

“పదిమంది వస్తారా?” అన్నాడు.

“వస్తారు నాన్నా.”

“పోయినసారి అరవై మంది వస్తామన్నారు. ఎంతమంది వచ్చారు?”

“నలుగురు.”

“వాళ్ళేం చేశారు?”

“ఇద్దరు ఫొటో తీసుకుని వెళ్ళిపోయారు.”

నాన్న లేచి షెడ్డులోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

“ఈ మనిషికి ఈ మధ్య ఏమైందే? గాలైనా ఆడకుండా తలుపేసుకుని పని చేస్తాడు,” అంది అమ్మ. నేను ఫోనులోకి తల దూర్చేశాను.

ఆ రోజూ మర్నాడూ ఆఫీసుకి సెలవు పెట్టేశాను. నేను కామెంట్లు చదవడం, అమ్మ చెప్పడం, నేను టైపు చెయ్యడం. అందరికీ ఒకే జవాబు అతికిద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. ఒకడు గడ్డం పెంచిన ఫొటో పెట్టుకుంటే “నాయనా, కొయ్యపొట్టు గడ్డంలో ఇరుక్కుంటుంది, గుడ్డ తెచ్చుకో,” అని వాడికి మాత్రమే చెప్పించింది. వాడు ఆ జవాబుని తన స్నేహితులందరికీ పంపాడు. వాళ్ళు “మాకూ ఒక జవాబు చెప్పండమ్మా,” అంటూ వచ్చిపడ్డారు.

శుక్రవారం ఉదయానికి మూడు వేలు దాటింది. అప్పుడొచ్చింది ఆ కామెంటు.

“నవ్వింది చాలు. నేను దర్జీని. నాది వీళ్ళు చేసిన చెయ్యే. ఏడేళ్ళుగా దీంతో గుడ్డ అదిమిపట్టి కుట్టుకుంటున్నాను. పట్టీ వదులైంది, శనివారం నేనూ వెళ్తున్నాను. మీరూ వస్తే చూపిస్తాను.”

కింద ఫొటో ఉంది. కుట్టుమిషను సూది పక్కన నీలం గుడ్డ, ఆ గుడ్డ మీద కొయ్య చెయ్యి. రాపిడికి చూపుడువేలి రంగు పోయి లోపలి కొయ్య కనబడుతోంది. ఈ చేతికి వేసిన రంగు కలిపింది నేనే, పదో తరగతి సెలవుల్లో.

అక్కణ్ణుంచి కామెంట్ల తీరే మారిపోయింది. ఆకురాయి మేమే తెచ్చుకోవాలా అని ఒకరు. ఎడమచేతివాటం వాళ్ళకి పనుందా అని ఒకరు. మా అమ్మని తీసుకురావచ్చా, మీతో మాట్లాడాలంటోంది అని ఒకరు. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. గదిలోంచి గదిలోకి తిరుగుతూ గోడలకి చదివి వినిపించాను.

బడి కాగానే అక్క కూడా వచ్చి కూర్చుంది. “పక్కకి జరుగు, నేనూ రాస్తాను,” అంది. పది నిమిషాలు తిరక్కుండానే ఒకతను “అయితే నేను రాను లెండి,” అని రాశాడు. ఏమైందా అని చూస్తే, అతను “నేను వస్తనూ” అన్నాడు, అక్క “వస్తాను. దీర్ఘం సరైన చోట పెట్టండి,” అని జవాబిచ్చింది.

“వచ్చేవాళ్ళ దీర్ఘాలు దిద్దకే,” అంది అమ్మ. “నీకంత సరదాగా ఉంటే వచ్చాక కూర్చోబెట్టి దిద్దుకో.”

అక్క మొహం మాడ్చుకుంది. కానీ మా అక్క మంచిది. కాసేపు గింజుకుని, “క్షమించండి. ఎలా రాసినా సరే, రండి,” అని రాసింది. అతను దీర్ఘాలన్నీ తలకిందులుగా పెట్టి ఒక పొడుగాటి జవాబు పంపాడు. అక్క కళ్ళు మూసుకుని అమ్మకిచ్చేసింది. సాయంత్రానికి వస్తామన్నవాళ్ళ చీటీలు అరవై మూడు తేలాయి.

పోయినసారి కూడా అరవయ్యే అన్న సంగతి ఎవరం ఎత్తలేదు.

శనివారం తొమ్మిదిన్నరకి గేటు దగ్గర నేను తప్ప పిట్ట లేదు. పది కొట్టింది. ఎవరూ రాలేదు. నాన్న షెడ్డు గుమ్మంలో నిలబడి వీధి వైపు ఒకసారి చూసి లోపలికెళ్ళాడు. అక్క చాపలు దులిపినవే మళ్ళీ దులిపింది.

పది దాటి ఐదు నిమిషాలకి దర్జీ వచ్చింది. ఆమె వెనక ఒక సన్నపాటి మనిషి, చేతిలో చిన్న తోలు పెట్టె.

“నేనేనండీ నిద్రమత్తు,” అన్నాడు మొహమాటంగా. “కట్టుడు పళ్ళు చేస్తాను. నా ఆకురాళ్ళు తెచ్చుకున్నాను. చిన్నవి, పనికొస్తాయో లేదో.”

ఆ వెంటనే ముగ్గురు. తరవాత గడ్డం అతను, మెడలో గుడ్డ కట్టుకుని. తరవాత ఒక నర్సు, ఒక ఆటోడ్రైవరు, తల్లితో సహా ఒక అమ్మాయి. దీర్ఘాల మనిషి వచ్చి అక్క ఎవరని అడిగాడు. ఇక నేను లెక్కపెట్టడం మానేశాను. పదీ నలభైకి ఎవరో గేటు గడియ తీసి వదిలేశారు, వేసే పని లేక. ముప్పై ఒక్క మంది. షెడ్డులో పట్టక పెరడంతా కూర్చున్నారు. ఎక్కడ చూసినా కొయ్యపొట్టు, ఆకురాళ్ళ చప్పుడు, నవ్వులు.

కట్టుడు పళ్ళతను రుద్దిన కొయ్య వేలిని నాన్న వెలుగులో పెట్టి తిప్పి తిప్పి చూశాడు.

“రేపు కూడా రాగలవా?” అన్నాడు.

ఇరవై రెండేళ్ళలో ఆయన ఆ మాట ఎవర్నీ అడగడం నేను వినలేదు. అతను తల ఊపాడు. నాన్న నా పక్కకొచ్చి, “పది దాటారు,” అన్నాడు మెల్లగా. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను ఆయన భుజం పట్టుకుని చిన్నపిల్లలా ఊపేశాను.

“ఇదుగో, రాలేనివాళ్ళు ఒకటే అడుగుతున్నారే,” అంది అమ్మ పెరటి మెట్ల మీంచి. ఆమె ఇంకా లైన్లోనే ఉంది. “లోపల ఏం జరుగుతోందో చూపించమంటున్నారు.”

ఫోను అరమీద నిలబెట్టి లైవు పెట్టాను. నలభై మంది, మూడు వందలు, చూస్తుండగానే పంతొమ్మిది వందలు. దర్జీ తన చెయ్యి చూపించింది. నర్సు పట్టీ బిగించడం చూపించింది. నాకు ఒళ్ళు తెలీడం లేదు.

“నాన్నా, ఒక్కసారి ఉలి పట్టి చూపించు,” అన్నాను. “బొటనవేలు మొదట్లో కొయ్య ఎలా తియ్యాలో అందరూ చూస్తారు.”

నాన్న నా వైపు చూశాడు. ఏమిటలా చూస్తాడు అనుకున్నాను. ఒట్టు, మరిచిపోయాను. రెండు నెలలు కడుపులో పెట్టుకు తిరిగిన సంగతి ఆ నిమిషంలో నా బుర్రలోంచి ఎగిరిపోయింది. రా నాన్నా అని చెయ్యి ఊపాను కూడా.

ముప్పై ఒక్క మంది చుట్టూ మూగారు. కాదంటే బాగుండదనుకున్నాడేమో, నాన్న బల్ల ముందు కూర్చున్నాడు. కొయ్యని బిగించాడు. ఉలి కుడిచేత్తో తీసుకుని, ఎడమచేత్తో మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. ఉలి మొన కొయ్యకి తగిలి టకటకమంది. మొదటి వేటు జారింది. రెండోది బొటనవేలి మొదట్లో లోతుగా దిగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు.

ఫోను దగ్గరికి వెళ్ళాలని తోచలేదు. మెట్ల మీద అమ్మ వచ్చిన కామెంటు వచ్చినట్టు పైకి చదువుతూ, పైకే జవాబు చెబుతోంది.

“‘అమ్మగారూ, నమస్కారం.’ నమస్కారం బాబూ. ‘అది ఏ కొయ్య?’ మా ఆయన చెబుతారు, కాస్త ఆగు. ‘ఆ పెద్దాయన చెయ్యి ఎందుకలా వణుకుతోంది?’”

చదివేసింది. చదివాక అమ్మకి ఆ మాట అర్థమైంది.

అమ్మ లేచి వచ్చింది. జనం దారి ఇచ్చారు. నాన్న ఉలి కింద పెట్టి చెయ్యి ఒళ్ళో దాచుకున్నాడు. అమ్మ వంగి ఆ చెయ్యి బయటికి తీసి తన చేతిలో పెట్టుకుని చూసింది. ఆమె చేతిలో కూడా అది ఆగలేదు.

“ఎన్నాళ్ళనుంచి?” అంది.

నాన్న తల వంచుకుని, బల్ల మీది కొయ్యపొట్టుని ఎడమచేత్తో ఊడ్చాడు.

“రెండు నెలలమ్మా,” అన్నాను.

అమ్మ నా వైపు తిరిగింది. అరిచినా బాగుండేది.

“నేను ఆయన్ని అడిగాను,” అంది. “నీకు ముందే తెలుసన్నమాట.”

“దాన్నేమీ అనకు,” అన్నాడు నాన్న. “చెప్పొద్దన్నది నేను. ఇంతమందిని పిలిచి కూర్చోబెట్టింది, వీళ్ళకి నేర్పడానికి నా దగ్గర ఏముంది? చూశారుగా అందరూ.” “ఆ కాగితం పట్రా. సాయంత్రం దాకా ఎందుకు, ఇప్పుడే సంతకం పెట్టేస్తాను.”

అమ్మ ఆయన కుడిచెయ్యి వదల్లేదు.

“ఏ చేత్తో పెడతారు?” అంది.